అమరంలో బకం పక్కన కహ్వమా, కంకమా?

టెక్కలి: చిన్నప్పుడు బట్టీపట్టిన అమరం (సంస్కృత పర్యాయపదాల నిఘంటువు, అమరకోశం) ముక్క రెండు రోజులుగా బుర్ర తినేస్తోంది. "క్రుఙ్ క్రౌంచోఽథ బకః..." తర్వాత కహ్వా, కంకా? ఆదివారం మా పక్కనున్న తేలినీలాపురం వెళ్లాం, పొడుగు పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఉన్న కొంగని చూసి మా పాప "ఇది బకమా నాన్నా" అంది. నోరు పెగల్లేదు.

పాలకొండ: కహ్వః. బకానికి ఇంకో పేరు. కంకం వేరే చోట, "లోహపృష్ఠస్తు కంకః స్యాత్". కలిపేశారు మీరు.

ఇచ్ఛాపురం: క అంటే నీళ్లు, హ్వ అంటే పిలుపు. నీళ్లలో అరిచేది కహ్వం. మరి మా తేలుకుంచి కొంగలు అరవవే! ముక్కు టకటకలాడిస్తాయి, అంతే. మా వాటికి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తల కోసం. మీ టెక్కలి వాటికి సందు లేదు, ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి నడుస్తాయి, చేప తగిలితే టక్కున మూస్తాయి. రెండూ ఒకే కుటుంబం, పెద్దయ్యాక రెండూ మూగవే. కాబట్టి రెండూ బకం కావు.

బొబ్బిలి: అయితే బకం అంటే మెడ మడిచి ఎగిరే మన పొలాల తెల్లకొంగ. గొంతు కూడా గరగరమంటుంది. ఇవి మెడ చాపి ఎగురుతాయి.

పాలకొండ: వ్యుత్పత్తి పట్టుకుని పక్షిని గుర్తుపడతారా! పక్కనే "పుష్కరాహ్వస్తు సారసః" ఉంది, అక్కడ ఆహ్వ అంటే పేరు. కహ్వలో కూడా అదే, నీటి పేరు పెట్టుకున్నది అని.

ఇచ్ఛాపురం: క, ఆహ్వ కలిస్తే కాహ్వ అవ్వాలి మాస్టారూ. దీర్ఘం ఏదీ?

విజయనగరం: ఈ సంస్కృతం గోల ఏటి బాబూ. ఉమర్ ఖయ్యాంనే అచ్చతెలుగులోకి దింపిన హరికథల అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారి గడ్డ మీద ఉండి! కొక్కెర అనండి, చాలు. తమిళుల కొక్కు, కన్నడిగుల కొక్కరె. మైసూరు వైపు కొక్కరె బెళ్లూరుకి ఆ పేరు ఈ పసుపు ముక్కు వాటి వల్లే. దాసు గారి హరికథలో తాళం...

బొబ్బిలి: మొదలెట్టారు.

ఇచ్ఛాపురం: కొక్కెర అని మా ఊళ్లో ఎవరంటారు? సైబీరియా కొంగ అంటేనే తెలుస్తుంది.

టెక్కలి: అదీ తప్పే, రెండూ మన దేశపు పక్షులే. అది సరే, పాపకి ఏం చెప్పను?

పాలకొండ: ఆగండి, ముందు ఆ దీర్ఘం సంగతి తేలనివ్వండి.