‘బతకనిచ్చాయి’ అనాలా, ‘చావనివ్వలేదు’ అనాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాస్తూ ఒకే వాక్యం దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. వేరే లోకం నుంచి వచ్చినవి ఒక మనిషిని ఎత్తుకుపోయి తమ ఓడలో పెట్టుకుంటాయి. అవి జీవులో యంత్రాలో కథ చివరిదాకా తేలదు. కొట్టవు, తిట్టవు, ఏమీ అడగవు. వేళకు గొట్టంతో గొంతులో ఏదో పోస్తాయి, గుండె తడబడితే సరిచేస్తాయి. అతను భయంతో సగమైపోతుంటాడు, ఆ భయం వాటికి పట్టదు. నేను రాసుకున్నది ఇది:

“ఆ నిర్దాక్షిణ్యమైన గ్రహాంతరవాసులు బంధీనైన నన్ను బతకనిచ్చారు. వెన్నులో వణుకు పుట్టింది.”

చదివిన మిత్రుడు ‘బాగానే ఉంది కానీ భయం వెయ్యలేదు’ అన్నాడు. లోపం ఎక్కడుందంటారు?

జవాబు:
‘బతకనిచ్చారు’ బదులు ‘సజీవంగా ఉంచారు’ అంటే సరిపోతుందేమో చూడండి.

దానికి జవాబు:
పులిని సజీవంగా పట్టుకున్నారు అని పేపర్లో రాసినట్టు లేదూ?

మళ్లీ మొదటి జవాబు ఇచ్చినవారు:
కథలో జరుగుతున్నది అదే కదండీ. పట్టుకున్నవాళ్ల దృష్టిలో ఇతను పులి కూడా కాదు.

ఇంకొకరు:
ముందు ఆ ‘బంధీ’లో ఒత్తు తీసేయండి. బంధం, బంధనం, బంధువు, వీటికి ఒత్తుంది. బందీకి లేదు. పారసీకంలోని బంద్, సంస్కృతంలోని బంధ్ ఒక తల్లి పిల్లలే, అందుకే మన చెయ్యి అలవాటుగా ఒత్తు పెట్టేస్తుంది. ఒత్తే కావాలనుకుంటే ‘బద్ధుడు’ ఉంది. కానీ ఆ ఓడలో ఉన్నవాడిని బద్ధుడు అంటే వేదాంతం అయిపోతుంది. నన్నడిగితే ‘చెర’ అనండి. పాత రాతలో చెఱ, బండి ఱ. తమిళంలో సిఱై, కన్నడంలో సెఱె. మన ఇంటి మాట, పొట్టి మాట. ‘చెరలో ఉన్నాను’ అన్న రెండు ముక్కల్లో తలుపు మూసిన చప్పుడు వినిపిస్తుంది.

పెద్ద జవాబు:
ఒత్తు సంగతి మాస్టారు చెప్పేశారు కాబట్టి నేను క్రియ దగ్గరికి వస్తాను. మీ వాక్యంలో భయం చచ్చిపోయింది అక్కడే.

వెళ్లనిచ్చాడు, మాట్లాడనిచ్చాడు, బతకనిచ్చాడు. ఇక్కడ ‘ఇచ్చు’ ఉత్త తోకలా కనిపిస్తుంది గానీ దాని పాత పని మానలేదు. ఇచ్చేవాడు ఒకడున్నాడు, ఇవ్వకుండా ఉండే వీలూ వాడికి ఉంది, అయినా ఇచ్చాడు. రోజుకు పదిసార్లు మనం అనే ‘పోనీ’లో ఉన్నదీ ఈ ఇవ్వడమే. ‘బతకనిచ్చారు’ అనేసరికి మీకు తెలియకుండానే ఆ కర్కోటకులకు ఒక చెయ్యి, ఆ చేతిలో కాస్త దయ పెట్టేశారు. ముందు విశేషణంలో దయ లేదన్నారు, వెనక క్రియలో దయ చూపించారు. పాఠకుడు ఎప్పుడూ క్రియనే నమ్ముతాడు.

‘చావనివ్వలేదు’ అంటే? అదే ఇచ్చు, వ్యతిరేకంలో. ఇప్పుడు దయ పోయింది, నిజమే. కానీ కొత్తగా ఇంకొకటి వచ్చింది: బందీ కోరిక. ఎవరూ అడగనిదాన్ని ఇవ్వలేదు అనం. ఇతను చావు అడిగాడు, అవి ఇవ్వలేదు అని వినిపిస్తుంది. కథలో అతను ఆ స్థితికి వచ్చాకే ఈ మాట వాడండి. మొదటి పేజీలో వాడితే తొందరపాటు.

‘బతికించాయి’ అంటే వైద్యం. ‘బతికించి పెట్టాయి’ అంటే ఉపకారం, చేసిపెట్టడం, రాసిపెట్టడంలాగా. ఇవి రెండూ వద్దు. ‘బతికించుకుంటున్నాయి’ మాత్రం ఆలోచించదగ్గది. ‘కొను’ చేరితే ఆ పని ఫలం చేసినవాడికే చెందుతుంది. వండాడు వేరు, వండుకున్నాడు వేరు. అవి అతన్ని తమ కోసం బతికించుకుంటున్నాయి అన్నమాట. చిక్కల్లా ఏమిటంటే, మంచం పట్టిన బిడ్డను గండం గట్టెక్కించిన తల్లి కూడా ‘బతికించుకున్నాను’ అనే అంటుంది. ఆ తీపి ఈ మాటకు అంటుకునే ఉంది. అది మీకు అడ్డమో, ఆయుధమో మీరే తేల్చుకోవాలి.

నా ఓటు ‘బతికించి ఉంచాయి’కి. వండి ఉంచాం, తరిగి ఉంచాం, మడిచి ఉంచాం. తర్వాత ఎప్పుడో అక్కరకు వస్తుందని ఉంచేవాటికి వాడే క్రియ ఒక మనిషి మీద పడింది. ఎందుకు ఉంచాయో చెప్పనక్కర్లేదు. ఆ చెప్పకపోవడమే అతన్ని తినేస్తుంది.

రెండో సంగతి, ‘గ్రహాంతరవాసులు... బతకనిచ్చారు’. ఇక్కడ మన భాష మీ చేతికి ఒక కత్తి ఇస్తే మీరు మొద్దు వైపు పట్టుకున్నారు. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి స్త్రీలు, తిర్యక్కులు, జడాలు కానివాటిని మహత్తులన్నాడు, మిగిలినవి అమహత్తులు. తిర్యక్కులంటే పశుపక్ష్యాదులు. ఆడవాళ్లను ఆ గంపలో వేయడం మీద పోట్లాట మరోసారి పెట్టుకుందాం. ఇప్పటికీ మన క్రియ ఆ లెక్కనే నడుస్తోంది: వాడు చూశాడు, ఆమె చూసింది, అది చూసింది. బహువచనంలో మనుషులంతా ఒకవైపు, చూశారు. తక్కినవన్నీ ఒకవైపు, చూశాయి. రాక్షసులు కూడా ‘చూశారు’ అనిపించుకుంటారు. రాక్షసుడికి కోపముంది, కోరికుంది, అప్పుడప్పుడు మాటకు కట్టుబడటమూ ఉంది. అందుకే వాడితో వాదించవచ్చు, కాళ్లమీద పడవచ్చు. ‘చూశాయి’ అన్న క్షణంలో ఆ దారి మూసుకుపోతుంది. అందుచేత ‘వాసులు’ అన్న మాట వద్దు. వాసి అంటే ఎక్కడో ఇల్లుంది, ఊరుంది, మనిషిలాంటివాడు. ‘అవి’ చాలు.

ఇక ‘నిర్దాక్షిణ్యం’. దాక్షిణ్యం అంటే ఎదుటివాడి ముఖం చూసి కాదనలేకపోవడం, ఇంచుమించు మన మొహమాటం. అది ఉండీ చంపుకున్నవాడే నిర్దాక్షిణ్యుడు. మొహమే లేనివాటికి మొహమాటం ఎక్కడిది? దయ లేదు అనకండి, దయ తెలియదు అనండి. అసలు ఏమీ అనకపోతే ఇంకా మేలు.

ఇంకొకరు:
గ్రహాన్ని అంత తేలిగ్గా వదిలేయకండి. గ్రహ్ అంటే పట్టుకోవడం. గ్రహణం, పాణిగ్రహణం, నిగ్రహం అన్నీ ఆ పట్టులోనివే. గ్రహం అంటేనే పట్టుకునేది, ‘వాడికి గ్రహం పట్టింది’ అంటాం కదా. అన్నట్టు, సంస్కృత భాగవతంలో ఏనుగు కాలు పట్టిన మొసలిని గ్రాహం అంటారు. యంత్రం కూడా అలాంటిదే. ధాతువు యమ్, బిగించడం, అదుపు చేయడం. నియంత, నియంత్రణ దాని చుట్టాలు. ఈ కథలో పాత్రల పేర్లన్నీ ముందే సంకెళ్లు పట్టుకుని నిలబడ్డాయి.

ఇంకొకరు:
యాతన కూడా యమ్ నుంచే వచ్చిందా అండీ?

వారికి జవాబు:
కాదు, అది యత్. చుట్టరికం చెవికే గానీ ధాతువుకు లేదు.

మరొకరు:
రోబో అన్న మాట సంగతి దీనికి సరిగ్గా తిరగబడింది. 1920లో కారెల్ చాపెక్ రాసిన నాటకంతో లోకానికి తెలిసిందా మాట. చెక్ భాషలో రోబోత అంటే వెట్టిచాకిరీ. యంత్రం అంటే బిగించేది, రోబో అంటే బిగుసుకున్నది. ఇంతకుమించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, ఊరికే గుర్తొచ్చి చెప్పాను.

పెద్ద జవాబు రాసినవారు:
మొసలి పేరెత్తారు కాబట్టి, భయం మాట అక్కడే వెతుకుదాం. ‘వెన్నులో వణుకు’ నా చెవికి అనువాదం వాసన వేస్తోంది. తెలుగువాడికి భయం వేస్తే గుండె జారుతుంది, కాళ్లూ చేతులూ ఆడవు, నోరు పిడచకట్టుకుపోతుంది, పై ప్రాణాలు పైనే పోతాయి. అయితే ఇవన్నీ ఒక్క దెబ్బలో వచ్చే భయాలు. పాము కనిపించినప్పటివి. మీ బందీది నెలల తరబడి ఉండే భయం. దానికి మాట ‘బిక్కుబిక్కుమంటూ’. ఆ జంట మాటలో పైకి రాని ఏడుపుంది, అటూ ఇటూ చూసే చూపుంది, పూర్తికాని ఊపిరుంది.

ఇక పోతన:

“లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్
ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె...”

మన నోళ్లలో నానిపోయి పదును పోయింది గానీ, ‘ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను’ దగ్గర ఒక్కసారి ఆగండి. ప్రాణం కాదు, ప్రాణాలు. తెలుగులో ఒక్క మనిషికే ప్రాణాలు బహువచనంలో పోతాయి. ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానాలు అయిదు, ఒక్కోదానికి ఒంట్లో ఒక్కో చోటు. భయానికి అవి చోట్లు వదిలి చెదిరిపోతున్నాయని ఏనుగు గోడు. వెయ్యేళ్ల పెనుగులాటలో తన బలం తరుగుతూ, పట్టినదాని బలం పెరుగుతూ ఉన్నప్పుడు అన్న మాట అది.

ఇప్పుడు మీ కథకు రండి. అవి చేసే పనేమిటి? చెదిరిన ప్రాణాలను ఎప్పటికప్పుడు తెచ్చి చోట్లలో కూర్చోబెట్టడం. ఏనుగు భయం ప్రాణాలు ఠావులు తప్పుతున్నాయని. మీవాడి భయం అవి ఎప్పటికీ తప్పనివ్వవేమోనని. పిలవడానికి ఏనుగుకు ఈశ్వరుడున్నాడు, మీవాడికి ‘రావే’ అనడానికి ఎవరున్నారో నాకు తెలియలేదు. కథలో ఎవరినీ పెట్టకండి దయచేసి.

ఇంకొకరు:
ఒక చిన్న సరదా. పోయు, పోవు. ప్రాణం పోసింది, ప్రాణం పోయింది. ‘పోయడం’లో య మీద చెయ్యి జారితే బతుకు చావు అవుతుంది. దాన్ని వాడుకోవచ్చు.

ఇంకొకరు:
బందీ ఆడమనిషైతే ఎలా ఉంటుందో ఆలోచించారా? ‘ఏడ్చింది, చూసింది, ఆగింది’ అని వరసగా రాస్తే ఎవరు ఏడ్చారో, ఏది చూసిందో విడదీయలేం. మనిషికీ యంత్రానికీ ఒకే క్రియ. మగవాడైతే ఈ కలగాపులగం రాదు. కానీ అవి అతన్ని ‘అది’ అన్నాయనుకోండి, క్రియ మొత్తం దిగజారుతుంది. ఏడుస్తున్నాడు కాస్తా ఏడుస్తోంది అవుతుంది. ఆడమనిషి విషయంలో ఆ పతనం సర్వనామంతో ఆగిపోతుంది, క్రియ ముందునుంచీ అక్కడే ఉంది కాబట్టి. ఇది మన వ్యాకరణం సిగ్గుపడాల్సిన చోటా, కథకు పనికొచ్చే చోటా అంటే, రెండూను.

ప్రశ్న వేసినవారు:
అందరికీ దండాలు. మీ మాటలన్నీ దగ్గర పెట్టుకుని రాత్రి మళ్లీ రాశాను. మగమనిషినే ఉంచాను. విశేషణాలు తీసేశాను. చూడండి:

“రోజుల లెక్క తప్పింది. అవి వస్తాయి, చూస్తాయి, పోతాయి. ప్రాణం పోయవు, పోనివ్వవు. ఠావులు తప్పిన ప్రాణాలను ఒక్కొక్కటే తెచ్చి ఠావుల్లో పెడతాయి. నన్ను బతికించి ఉంచాయి. దేనికో అడగడానికి వాటికి ముఖం లేదు. బిక్కుబిక్కుమంటూ గోడకు ఆనుకుని ఉండగా, ఒకనాడు వాటి మాట మొదటిసారి అర్థమైంది. ‘అది నిద్రపోలేదు’ అంది ఒకటి. ‘ఉంది’ అంది ఇంకొకటి.”

పెద్ద జవాబు రాసినవారు:
ఆ రెండో ‘ఉంది’ దగ్గర నాకు నోరు పిడచకట్టుకుపోయింది. ‘బతికే ఉంది’ అని రాసి ఉంటారు మొదట, తర్వాత ‘బతికే’ కొట్టేసి ఉంటారు. అవునా?

ప్రశ్న వేసినవారు:
అవునండీ. ఎలా తెలిసింది?

ఒత్తు మాస్టారు:
అంతా బాగుంది. ‘ఠావు’ ఒక్కటే ఇబ్బంది. ఇప్పటివాళ్లకు ఠావు అంటే తెల్లకాగితం. ప్రాణాలను కాగితాల మధ్య పెట్టి మడిచాయనుకుంటారు. ‘చోటు’ అనేయండి.

ప్రశ్న వేసినవారు:
పద్యం తెలిసినవాళ్లకు ఏనుగు కనిపిస్తుంది మాస్టారూ, తెలియనివాళ్లకు కాగితం కనిపిస్తుంది. కాగితాల మధ్య మడిచి పెట్టడం కూడా ఉంచడమే కదా. ఉంచేస్తాను.