సుంకం గట్టా, సుంకం కట్టా? మా అమ్మమ్మ సామెతలో ఒక్క అక్షరం

ఆలంపురం మనవడు:
అందరికీ నమస్కారం. పది రోజులుగా ఒక మాట బుర్రలో తిరుగుతోంది, మీలో ఎవరికైనా తెలుస్తుందేమోనని పెడుతున్నా. మా అమ్మమ్మది ఆలంపురం. ఎంత తప్పించుకుందామనుకున్నా చివరికి అక్కడికే వచ్చి పడ్డామనే సందర్భంలో ఒక సామెత వాడేది: "రాత్రంతా పుట్టి తిప్పి సుంకంగట్టుకాడ తెల్లారినట్టు". మొన్న బెంగళూరు నించి చెన్నై వస్తుంటే టోల్ తప్పిద్దామని మా డ్రైవరు ఏవో పల్లెదారులు పట్టి గంటన్నర తిప్పి సరిగ్గా ఇంకో టోల్ ముందు తేల్చాడు, ఆకుపచ్చ బోర్డు మీద అరవంలో సుంగచ్చావడి అని చదవగానే అమ్మమ్మ గొంతు వినపడింది. నా ప్రశ్న ఒక్కటే. ఆ "గట్టు" నది గట్టా, సుంకం "కట్టు"నా, లేక ఇంకేదైనానా? అమ్మమ్మ లేదు అడగడానికి.

పాతబీరువా:
ఇది ఘట్టకుటీ ప్రభాత న్యాయమే కదండీ. సుంకం ఎగ్గొడదామని రాత్రంతా అడ్డదారిన నడిచినవాడికి సుంకపు గుడిసె ముందే తెల్లారడం. మీ అమ్మమ్మ "గట్టు" సంస్కృతం "ఘట్ట"కి తద్భవం, అంతే. ఘట్ట అంటే రేవు. నదిలో దిగే చోటే సుంకం వసూలు చేసేవాళ్ళు కాబట్టి ఘట్టకుటి సుంకపు గుడిసె అయింది.

కొత్తవాల్‌చావిడి:
రేవు ఒక్కటే ఎందుకవ్వాలి? ఘట్టం అంటే కనుమ కూడా కదా, పడమటి కనుమల్ని పశ్చిమ ఘట్టాలనే అంటాం. సరుకు కొండదారిలో ఇరుకైన చోట ఎటూ తప్పించుకోలేదు, సుంకరి కూర్చునేది అక్కడే. అరకు దారిలో సుంకరిమెట్ట ఉంది చూడండి, మెట్ట మీద సుంకరి. నా లెక్కలో గట్టు అంటే కొండే. తెలంగాణలో గట్టు అంటే ఇప్పటికీ మొదట కొండే గుర్తొస్తుంది.

ఆలంపురం మనవడు:
కొండైతే మరి పుట్టి ఎందుకు తిప్పుతారు అన్నా? పుట్టి అంటే గుండ్రటి పడవ, నీళ్ళలోనే కదా.

కొత్తవాల్‌చావిడి:
పుట్టి అంటే ధాన్యం కొలత కూడా. ఇరవై తూములు పుట్టి. పుట్టి ధాన్యం బండికేసి రాత్రంతా తిప్పారేమో!

మాంబళం అత్తయ్య:
అయ్యో నాయనా, ధాన్యాన్ని "తిప్పడం" ఏంటి. పుట్టి తిరుగుతుంది కాబట్టే పుట్టి తిప్పడం అన్నారు. నేను తుంగభద్రలో ఎక్కాను, చిన్నప్పుడు, కర్నూలు వైపు నించి. వెదురు బద్దలు గంపలా అల్లి పైన తోలు బిగించేవాళ్ళు, తెడ్డు వేసే మనిషి ఒక్క తోపు తోస్తే గుండ్రంగా తిరుగుతూ పోతుంది, ఆ వాసన తిరుగుడు రెండూ కలిసి మా అక్కకి వాంతి. దానికి ముందూ వెనకా ఉండదు, ఎటు పోతోందో ఎక్కినవాళ్ళకి తెలీదు. రాత్రిపూట దాంట్లో దాటితే ఏ రేవులో తేలతావో దేవుడికే ఎరుక. సామెతలో ప్రాణం అంతా ఆ తిరగడంలోనే ఉంది, మీరేమో గట్టు పట్టుకుని కూర్చున్నారు.

సూరి శిష్యుడు:
అత్తయ్యగారు చెప్పింది బంగారం. కానీ గట్టు పట్టుకుని కూర్చోవాల్సిందే, ప్రశ్నే అది కదా. ఘట్ట, కొండ రెండూ పక్కన పెట్టండి. ఇది శుద్ధమైన గసడదవాదేశం, అంటే క చ ట త ప లు గ స డ ద వ లుగా మారడం. సుంకము + కట్టు = సుంకముగట్టు. ప్రథమ మీది పరుషాలకి గసడదవలు వస్తాయని బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరిగారు చెప్పనే చెప్పారు, సుంకం జడం, అంటే ప్రాణం లేనిది కాబట్టి ద్వితీయకి ప్రథమ వచ్చింది. సుంకము గట్టు కాడ, అంటే సుంకం కట్టే చోట. "వండుచోటు" లాంటి ప్రయోగం.

పాతబీరువా:
అమ్మమ్మలు బాలవ్యాకరణం చదివి సామెతలు చెబుతారా మాస్టారూ? గసడదవలు కావ్యభాషలో మిగిలాయి గానీ నోటిలో ఎక్కడున్నాయి?

సూరి శిష్యుడు:
ఎక్కడున్నాయంటారేంటి! "అన్నం దిన్నవా" అని అడగరూ ఆ వైపు? "ఇల్లు గట్టిండు", "పైసలు గట్టిన" అనరూ? కోస్తా వాళ్ళం పోగొట్టుకున్నాం, వాళ్ళు పోగొట్టుకోలేదు. సూరిగారు ఈ చెన్నపట్నంలోనే కూర్చుని సూత్రం రాశారు గానీ దాన్ని రోజూ బతికిస్తున్నది ఆలంపురం, గద్వాల నోళ్ళు. సూత్రం పుస్తకంలోది అనుకోవడం మన పొరపాటు.

ఆలంపురం మనవడు:
మాస్టారూ ఇది చదివి ఒళ్ళు జలదరించింది. అమ్మమ్మ నిజంగా "అన్నం దిన్నవురా" అనే అడిగేది, మేం మద్రాసు పిల్లలం నవ్వేవాళ్ళం.

ఎగ్మూరు రికార్డులు:
ఆలస్యంగా వస్తున్నా. అక్షరం సంగతి మీరు తేల్చుకోండి, సామెత ఏ కాలంది అన్నది చూస్తే అర్థం దానంతటదే తేలుతుందని నా నమ్మకం. 1800లో నిజాం కుంపిణీకి దత్తమండలాలు వదిలేసినప్పుడు సరిహద్దు చక్కగా ఉండాలని తుంగభద్రనీ, సంగమం దాటాక కృష్ణనీ గీతగా పెట్టుకున్నారు, ఆదోని దక్షిణాన ఉంది కాబట్టి ఇటిచ్చి ఉత్తరాన ఉన్న కొప్పళం లాంటివి అటుంచుకున్నారు. అంతకుముందు ఏరు మాత్రమే అయినది ఆ రోజు నించి సరిహద్దు అయింది. రెండేళ్ళకి, 1802లో, వర్తక ఒప్పందం. అందులో ముఖ్యమైనవి మూడే: కుంపిణీ ఇలాకా నించి నిజాం ఇలాకాకి వచ్చే సరుకు మీద నూటికి అయిదు, అంతకు మించి లేదు; అదీ హైదరాబాదులో, ఒక్క సరుక్కి ఒక్కసారే; దారి పొడుగునా జమీందారులూ గుత్తదారులూ లాగే రాహదారీ సుంకాలు రద్దు. బదులుగా నిజాముకి మచిలీపట్నం రేవు వాడుకునే వీలు. ఇప్పుడు చెప్పండి, సుంకం కట్టేది హైదరాబాదులో అయితే నది గట్టున గుడిసె ఎందుకుంటుంది? కాబట్టి సామెత 1802కి ముందుదన్నా కావాలి, లేదా ఆ ఒప్పందం కాగితం మీదే ఉండిపోయిందన్నా కావాలి.

కొత్తవాల్‌చావిడి:
మీరొక చిన్న విషయం దాటేశారు. ఆలంపురానికి ఎదురొడ్డు కర్నూలు. కర్నూలు 1839 దాకా నవాబుది, కుంపిణీ కింద కప్పం కట్టేవాడే గానీ ఊళ్ళో పెత్తనం ఆయనదే. కాబట్టి ఆ రేవులో మీ 1802 లెక్క అంత సూటిగా నడవదు.

ఎగ్మూరు రికార్డులు:
ఒప్పుకుంటాను, అది నేను రాసి ఉండాల్సింది. కానీ 1839 తర్వాత చూడండి, కథ ఇంకా రంజుగా ఉంటుంది. 1844లో మద్రాసు రాజధానిలో లోపలి రవాణా సుంకాలు, అంటే మన సాయరు, ఎత్తేశారు. దక్షిణపు ఒడ్డున ఇక అడిగేవాడు లేడు. ఉత్తరపు ఒడ్డున నిజాం సుంకం మాత్రం అలాగే ఉంది, సాలార్‌జంగ్ దివానుగిరీలో (1853–83) గుత్తలు పోయి సర్కారు శాఖలు వచ్చాక అది కరోడ్‌గిరి అయింది. ఒక్క నదికి ఒక్క ఒడ్డునే సుంకం. దాటేవాడి భయమంతా అవతలి గట్టు మీదే. అందుకే నా ఓటు నది గట్టుకి.

మాంబళం అత్తయ్య:
కరోడ్‌గిరి! ఎన్నేళ్ళయిందో ఆ మాట విని. మా మామగారు సుంకపు చౌకీని "కరోడుగీరు నాకా" అనేవారు. కర అంటే పన్ను కదా, దాన్నించి వచ్చిందేనా?

పాతబీరువా:
కాదండీ, కరోడ్ అంటే కోటే. అక్బరు కాలంలో కోటి రాబడి వచ్చే ప్రాంతానికి ఒక్కొక్క అధికారిని పెట్టారు, ఆయన కరోడీ. ఆ పని కరోడ్‌గిరీ. కోటి పోయింది, పని మిగిలింది, చివరికి నిజాం రాజ్యంలో సుంకాల శాఖ పేరయింది. కర, కరోడ్ కలిసినట్టు కనపడటం యాదృచ్ఛికం.

కొత్తవాల్‌చావిడి:
పేర్ల మాటొచ్చింది కాబట్టి నా పాత సిద్ధాంతం ఒకటి. కర్నూలుకి ఎగువన తుంగభద్ర మీద సుంకేసుల. కేసీ కెనాల్ మొదలయ్యేది అక్కడే. ఎదురుగా రాజోలి, అది నిజాం వైపు. సరిగ్గా సరిహద్దు మీద, రేవు దగ్గర, పేరులో సుంకం. ఇంతకంటే ఏం కావాలి?

సూరి శిష్యుడు:
సుంకేసుల చెట్టు పేరు బాబూ. చిట్టికేశ్వరం అంటారే, పసుపు తెలుపు పూలు పూసేది, పొలం గట్ల మీద ఉంటుంది. రాళ్ళని బట్టీ చెట్లని బట్టీ ఊళ్ళకి పేర్లు పెట్టారు మనవాళ్ళు, సుంకరి కోసం ఊరికి పేరెవడు పెడతాడు?

కొత్తవాల్‌చావిడి:
సుంకరిమెట్టకి పెట్టారుగా మాస్టారూ. అంతెందుకు, మన జార్జిటౌనులో సుంకురామ చెట్టి వీధి లేదా? పద్దెనిమిదో శతాబ్ది మొదట్లో కుంపిణీ వర్తకుల్లో పెద్ద తలకాయ ఆయన, ఇంటిపేరే సుంకు. శ్రీపెరుంబుదూరు దాటాక సుంగువార్‌చత్రం వస్తుంది, అది "సుంకువారి సత్రం" అనే తెలుగు మాటేనని నా గట్టి అనుమానం. రోజూ బస్సులో ఆ స్టాపు పేరు పిలుస్తుంటే చెవులు రిక్కించి వింటాను.

మాంబళం అత్తయ్య:
అరవంలో సుంగం అనగానే నాకు కులోత్తుంగుడు గుర్తొస్తాడు. "సుంగం తవిర్త" అని బిరుదు, సుంకం మాన్పించినవాడు. అరవం వాళ్ళు చోళరాజని గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. కానీ ఆయన మన రాజరాజనరేంద్రుడి కొడుకు! నన్నయగారు భారతం మొదలుపెట్టిన కొలువు ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లాడు. ఆ మాట ఇక్కడ చెబితే మా పక్కింటావిడ నమ్మలేదు, రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పాను.

పాతబీరువా:
అత్తయ్యగారూ సుంకం మాన్పించిన రాజు సరే, తగ్గించిన రాజూ మనకి ఉన్నాడు. మోటుపల్లిలో గణపతిదేవుడి అభయశాసనం, 1244. ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే పూర్వపు రాజులు మొత్తం లాక్కునేవాళ్ళు, నేను క్లుప్తశుల్కం తప్ప ఏమీ తీసుకోను అని రాయించాడు. ఎగుమతికీ దిగుమతికీ ముప్పైకి ఒకటి. అంటే నూటికి మూడున్నర కూడా లేదు, కుంపిణీ నూటికి అయిదు అన్నదానికంటే తక్కువ!

సూరి శిష్యుడు:
క్లుప్తశుల్కం కాదు, "కూపశుల్కం". అక్కడా ఒక్క అక్షరమే చూడండి. కూపం అంటే బావి అనుకుని తలలు పట్టుకుంటారు, కూపకం అంటే తెరచాప కట్టే స్తంభం కూడా. నా ఉద్దేశంలో అది ఓడస్తంభం మీది సుంకం.

పాతబీరువా:
అవునవును, కూపశుల్కమే, తొందరలో తప్పు టైపు చేశాను, క్షమించాలి. సుంకం అనగానే నా మనసు మాత్రం శ్రీనాథుడి మీదికి పోతుంది, ఆపుకోలేను. "ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు" అన్నాడే, ఆ పాదం చదివిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. హరవిలాసాన్ని అవచి తిప్పయ్యసెట్టికి అంకితమిచ్చినవాడు, దేశదేశాల సరుకు ఓడల్లో దింపే సెట్టి స్నేహితుడు, ఆఖరికి కృష్ణ ఒడ్డున కౌలు పొలం పండక ఏడునూర్ల టంకాలు కట్టలేక నిలబడ్డాడు. పంటని "కృష్ణవేణమ్మ గొనిపోయె" అంటాడు గానీ నదిని ఒక్క మాట తిట్టడు, అమ్మ అనే అంటాడు.

ఎగ్మూరు రికార్డులు:
అది శిస్తు కదండీ, సుంకం కాదు. భూమి మీదిది వేరు, కదిలే సరుకు మీదిది వేరు. కావాలంటే ఆ పద్యానికి వేరే చర్చ పెడదాం.

పాతబీరువా:
శిస్తే, కాదన్నానా. కానీ "చెల్లింతు" అన్నాడు చూశారా, "కట్టుదు" అనలేదు. డబ్బు "కట్టడం" అనే వాడుక ఎంత పాతది? అది తేలితే సూరి శిష్యుల వారి "కట్టు" నిలబడుతుందో లేదో తేలుతుంది.

సూరి శిష్యుడు:
ఛందస్సు కోసం చెల్లింతు అన్నాడు, అర్థం కోసం కాదు. కప్పం కట్టడం ఎప్పటి నించో ఉంది. రేపు నిఘంటువులు చూసి వస్తాను.

ఆలంపురం మనవడు:
మీ అందరికీ దండం, ఇంత దూరం వస్తుందనుకోలేదు. ఇప్పుడే మా పిన్నికి ఫోన్ చేశా, ఆలంపురంలోనే ఉంటుంది, ఎనభై దాటింది. సామెత చెప్పమంటే ఒక్క క్షణం ఆలోచించకుండా చెప్పింది, "గట్టు" అనే, స్పష్టంగా గ. కొండా గట్టా కట్టడమా అని అడిగితే "ఏమో రా, అమ్మ చీరె గట్టుకునేటప్పుడే అంటుండె" అంది. విషయం ఏమిటంటే కర్నూలులో కొత్త చీర కొంటే ఇవతలి ఒడ్డున సుంకం అడుగుతారని, అమ్మమ్మా వాళ్ళూ పుట్టి ఎక్కేముందే కర్నూలు రేవులో ఆ చీర నీళ్ళలో జాడించి గంజి పోగొట్టి తడి చీరే కట్టుకుని దాటేవాళ్ళట. ఒంటి మీద నలిగిన చీర పాతదే కదా, ఎవరూ అడగరు. ఒకసారి మాత్రం నాకా కాడి మనిషి కొంగు పట్టి చూసి అంచు మెరుపు కనిపెట్టాడట, ఆ రోజు తెల్లారేదాకా తడిబట్టతో అక్కడే నిలబెట్టారని పిన్ని చెప్పింది.

సూరి శిష్యుడు:
చీర "కట్టు"! ఇది నాకు తట్టనే లేదు. అప్పుడు సుంకం + కట్టు కాకుండా...

మాంబళం అత్తయ్య:
బాబూ, పిన్నిగారిని ఇంకోసారి అడుగు, ఆ చీర ఏం రంగో.