లూపస్‌కి మలేరియా మాత్ర ఎందుకు?

గుణుపురం షాపు:
అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. చిన్న ఫ్యాన్సీ షాపు నడుపుతున్నాను. మా ఆవిడకి 27 ఏళ్ళు. దీపావళి దగ్గర్నుంచి వేళ్ళ కణుపులు వాచి, పొద్దున్నే చపాతీ పిండి కూడా కలపలేకపోతోంది. ముక్కుకి రెండు వైపులా బుగ్గల మీద ఎర్రగా కందినట్టు మచ్చ. ఇక్కడ మూడు నెలలు ఎలర్జీ అని మందులు వాడించారు. చివరికి విశాఖ తీసుకెళ్తే ఏఎన్‌ఏ, ఇంకేవో రక్త పరీక్షలు చేసి లూపస్ అన్నారు. డాక్టరు గారు మాతో మాట్లాడింది నాలుగు నిమిషాలు. "మీ శరీరమే మీ మీద తిరగబడుతోంది, ఈ మాత్ర మానకూడదు" అన్నారు, అంతే.

మాత్ర పేరు హైడ్రాక్సీక్లోరోక్విన్. మా వీధి మెడికల్ షాపు అబ్బాయి చూసి "ఇది మలేరియా మందు కదన్నా" అన్నాడు. మలేరియా మాకు కొత్త కాదు, చిన్నప్పుడు నేనే మూడుసార్లు మంచం పట్టాను. ఆవిడకి ఒక్కసారీ రాలేదు. రాని జ్వరానికి మందేమిటి? అసలు ఒళ్ళు తన మీద తనే ఎందుకు తిరగబడుతుంది? మా అమ్మేమో పుట్టింటి నుంచి తెచ్చుకున్న రోగం అని మొదలెట్టింది. ఇంట్లో టెన్షన్. పది రోజులుగా మాత్రలు అల్మారాలోనే ఉన్నాయి.

ఆకుపసరు:
వంకాయ, గోంగూర, పులుపు ఆపేయండి. అన్నీ అవే తగ్గిపోతాయి.

జయపురం అమ్మాయి:
పై ఆయన మాట వినకండి. నాకు ఆరేళ్ళుగా లూపస్, గోంగూర తింటూనే ఉన్నాను. నన్ను దెబ్బకొట్టింది వంకాయ కాదు, ఎండ. ఏప్రిల్‌లో మిద్దె మీద రెండు రోజులు వడియాలు పెట్టాను, మూడో రోజుకి మొహం కాలినట్టయింది, వారం జ్వరం. మాత్ర మాత్రం ఆపించకండి అన్నా.

స్లైడు మాస్టారు:
బాబూ, నేను రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్‌ని, రాయగడలోనే ఉంటాను. సర్వీసంతా మలేరియా స్లైడ్లు చూడటమే. మా పెద్దమ్మాయికి 2011లో లూపస్ బయటపడింది. అందుకని ఈ మాత్రని రెండు వైపుల నుంచీ ఎరుగుదును.

మలేరియా పారసైట్ ఎర్రకణంలో దూరి హీమోగ్లోబిన్ తింటుంది. దాని లోపల ఒక చిన్న సంచి, పొట్ట అనుకో. అందులో ఆమ్లం ఉంటుంది, అరగదీసేది అక్కడే. క్లోరోక్విన్ జాతి మందులు పోయి పోయి ఆ పుల్లటి సంచిలోనే పోగవుతాయి. తిన్నదాంట్లోంచి వచ్చిన విషాన్ని వదిలించుకోలేక పారసైట్ చస్తుంది. మన తెల్లకణాల్లోనూ అలాంటి పుల్లటి సంచులున్నాయి. మింగిన చెత్తని అవి అక్కడే తనిఖీ చేస్తాయి. వైరస్ జన్యుపదార్థం, అదే ఆర్‌ఎన్‌ఏ, తగిలిందంటే టీఎల్‌ఆర్7 అనే కాపలా ప్రోటీను గంట కొడుతుంది. లూపస్‌లో మన సొంత కణాలు చచ్చి రాల్చిన ముక్కలకి కూడా ఆ గంట మోగుతుంది. ఈ మందు అక్కడ చేరితే ఆ మోత తగ్గుతుంది. అంటే రోగాలు వేరైనా మందు చేరేది ఒకలాంటి చోటికే. ఇదేమీ కొత్త ప్రయోగం కాదు. 1894లోనే లండన్‌లో పేన్ అనే డాక్టరు చర్మపు లూపస్‌కి క్వినైన్ ఇచ్చారు. 1951లో పేజ్ అనే ఆయన మెపాక్రిన్ అనే ఇంకో మలేరియా మందుతో లూపస్ తగ్గడం లాన్సెట్ పత్రికలో రాశారు.

తిరగబడటం అంటే ఏమిటో నేను కంటితో చూశాను. ఏఎన్‌ఏ మా దాకా రాని రోజుల్లో ఎల్‌ఈ సెల్ పరీక్ష చేసేవాళ్ళం. రక్తం గడ్డకట్టాక ఆ గడ్డని సన్న జల్లెడలో నలిపి, తిప్పి, స్లైడు మీద పూత వేసి రంగు వెయ్యాలి. ఒక్కోసారి గంటసేపు వెతికినా ఏమీ ఉండదు. ఉన్నట్టుండి ఒక తెల్లకణం కనిపిస్తుంది, పొట్ట నిండా ఊదారంగు ఉండ, నున్నగా. దాని సొంత న్యూక్లియస్ ఓ మూలకి ఒత్తుకుపోయి ఉంటుంది. ఆ ఉండేమిటంటే పక్క కణం న్యూక్లియస్. పరాయిది కాదు, అదే మనిషిది! న్యూక్లియస్‌కి యాంటీబాడీలు, అంటే శత్రువుని పట్టుకోవడానికి ఒళ్ళు తయారుచేసే ప్రోటీన్లు, అంటుకున్నాయి కాబట్టి శత్రువనుకుని మింగేసింది. 1948లో అమెరికాలో మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందం దీన్ని మొదట వర్ణించింది. జయపురం అమ్మాయి చెప్పిన ఎండ సంగతీ ఇక్కడిదే. ఎండకి చర్మకణాలు చస్తాయి, లోపలి సరుకు పైకొస్తుంది, యాంటీబాడీలు కాచుకుని ఉంటాయి.

ఇక మీ అమ్మగారి మాట. అచ్చం ఒకేలా పుట్టిన కవలల్లో ఒకరికి లూపస్ ఉంటే రెండోవారికి వచ్చేది సుమారు నలుగురిలో ఒకరికే. అన్ని జన్యువులూ ఒకటైనవాళ్ళ సంగతే అది, ఇంక పుట్టింటిని అని ఏం లాభం? లూపస్ వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే. హార్మోన్ల పాత్ర ఉంది, దాంతోపాటు ఆ టీఎల్‌ఆర్7 జన్యువు ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. ఆడవాళ్ళకి రెండు ఎక్స్‌లు, ఒకటి నిద్రపోవాలి కానీ ఈ జన్యువు కొన్ని కణాల్లో సరిగా నిద్రపోదు. ఒక ఎక్స్ ఎక్కువగా పుట్టిన మగవాళ్ళకీ లూపస్ ముప్పు దాదాపు ఆడవాళ్ళంత ఉంటుంది. ఒకటి గుర్తుంచుకో, ఆడవాళ్ళ రెండు ఎక్స్‌లలో ఒకటి ఇచ్చింది తండ్రి!

గంజాం వాసి:
మాస్టారూ, మన వైపు మలేరియా ఎక్కువ కదా, దానివల్లే లూపస్ వస్తోందా? లేక మలేరియా వస్తే లూపస్ పోతుందా? (సరదాకి అడిగాను.)

స్లైడు మాస్టారు:
సరదాకే అడిగినా మంచి ప్రశ్న. నైజీరియాలో పనిచేసిన బ్రయాన్ గ్రీన్‌వుడ్ అనే డాక్టరు 1968లో, అక్కడి ఆస్పత్రుల్లో ఇలాంటి జబ్బులు అరుదని, మలేరియా లాంటి పారసైట్ల వల్ల కావచ్చని రాశారు. తర్వాత 2010లో ఇంకోటి తేలింది. యాంటీబాడీలు చేసే బి కణాలకి ఒక బ్రేకు ఉంటుంది, ఎఫ్‌సీజీఆర్2బీ అనే జన్యువుది. కొందరిలో ఆ బ్రేకు పట్టదు. అలాంటి కెన్యా పిల్లలకి తీవ్రమైన మలేరియా తక్కువ. అదే మార్పు వేరే చోట్ల లూపస్ ముప్పుని పెంచుతోంది. మన ఊళ్ళల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు తెలుసుగా, ఒక జన్యువు ఉంటే మలేరియా నుంచి కాపు, రెండుంటే రోగం. ఇదీ ఆ బాపతే. అయితే ఒక్క జన్యువు మీద లూపస్ రాదు, వందకి పైగా చోట్లు లెక్కకొచ్చాయి. ఇక మలేరియా తెప్పించుకోవడం మాత్రం వద్దు నాయనా, ఆ స్లైడ్లు చూసి చూసి నా కళ్ళు పోయాయి.

గుణుపురం షాపు:
మాస్టారూ, మొత్తం ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడే లేచి అల్మారా తీసింది. తండ్రి ఎక్స్ సంగతి అమ్మకి చెప్తే "అయితే వాళ్ళ నాన్నదన్నమాట" అంది. అమ్మతో నేను గెలవలేను. పది రోజులు ఆపిన సంగతి డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాను, మొదలెట్టమన్నారు. కళ్ళు పోతాయని మెడికల్ షాపులో అన్నారు, నిజమేనా?

స్లైడు మాస్టారు:
ఏళ్ళ తరబడి వాడితే కొద్దిమందికి రెటీనా, అంటే కంటి లోపల వెనకుండే పొర, దెబ్బతింటుంది. కిలో బరువుకి రోజుకి 5 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు. మొదటి ఏడాదిలోనే ఒకసారి రెటీనా చూపించు, అయిదేళ్ళు దాటాక ఏటేటా. వచ్చేసారి విశాఖ వెళ్ళినప్పుడు ఆవిడ బరువు చెప్పి డోసు సరిచూడమను. గుణం కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది, నాలుగో రోజునే పిండి కలపమనకు. ఇంకో సంగతి, 2020లో కరోనాకని అందరూ ఈ మాత్ర మీద పడితే మా అమ్మాయికి స్ట్రిప్పు దొరక్క బరంపురం దాకా వెళ్ళాను. ఒక నెలకి సరిపడా ఎప్పుడూ ఇంట్లో ఉంచుకో.