అమ్మమ్మ పోయిన చైనా స్నేహితురాలిని ఎలా ఓదార్చాలి?

అందరికీ నమస్కారం. నేను అమెరికాలో రోబోటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ల్యాబ్‌లో నా పక్క సీటు అమ్మాయిది చైనాలోని చెంగ్డూ. పోయిన వారం వాళ్ల అమ్మమ్మ చనిపోయింది. తనని పెంచింది ఆవిడే.

తను ఇంటికి వెళ్లలేదు. వీసా స్టాంపు గడువు ఎప్పుడో అయిపోయింది. ఇక్కడ చదువుకోవడానికి ఇబ్బంది లేదు గానీ, చైనా వెళ్తే, తిరిగి రావడానికి మళ్లీ స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడం) తప్పదు. 2018 నుంచి మా లాంటి సబ్జెక్టుల్లో చైనా విద్యార్థులకి ఏడాది వీసాలు మొదలుపెట్టారు. 2020లో అమెరికా ప్రభుత్వ ఉత్తర్వు వచ్చాక చైనా సైన్యంతో సంబంధం ఉన్న సంస్థల్లో చదివిన పీజీ వాళ్లకి వీసాలే ఆపేశారు. తను అలాంటి చోట చదవలేదు, అయినా తనిఖీల పేరుతో నెలలు ఆపేస్తే చదువు ఏమవుతుందని భయం. మన వాళ్లకీ ఈ టెన్షన్ తెలుసు, కానీ వాళ్లది మరీ ఎక్కువ.

మొన్న రాత్రి ఫోన్ మానిటర్‌కి ఆనించి వీడియో కాల్‌లో ఫొటో ముందు వెలుగుతున్న అగరుబత్తీలు చూస్తూ కూర్చుంది. పక్కన ఫ్లాస్కులో వేడినీళ్లు పోసుకుని మూత కూడా పెట్టలేదు. నాకు నోట మాట రాలేదు.

చైనా రూమ్మేట్లతో ఉన్నవాళ్లు చెప్పండి: వాళ్లలో పలకరింపు ఎలా ఉంటుంది? మనలా పక్కన కూర్చుని పోయినవాళ్ల గురించి అడగొచ్చా? ఏప్రిల్ మొదట్లో పెద్దల సమాధులు శుభ్రం చేసే ఛింగ్‌మింగ్ పండగ వస్తుంది, ఆ రోజు తనతో కలిసి ఏం చేయొచ్చు? ఈమధ్య చైనా వెళ్లి స్టాంపింగ్ చేయించుకున్న స్నేహితులు ఎవరికైనా ఉంటే, ఎన్నాళ్లు పట్టిందో దయచేసి రాయండి.