హైదరాబాదులో ఉండి సముద్రానికి మేలు చేయగలమా?

ప్రశ్న:
మేము కొందరం మిత్రులం సెలవులకు విశాఖ వెళ్లి, రుషికొండలో సర్ఫింగ్, ప్యాడిల్ బోర్డింగ్ (పలక మీద నిలబడి తెడ్డు వేస్తూ సాగడం) చేస్తుంటాము. తెడ్డుకు గుట్కా ప్యాకెట్లు, తెగిన నైలాన్ వల పోగులు చుట్టుకుంటుంటే మనసు చివుక్కుమంటుంది. తీరానికి ఇంత దూరాన ఉన్నవారు ఏం చేయవచ్చో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
దూరమని అనుకోకండి. మన మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో, ఆ కృష్ణ హంసలదీవి వద్ద బంగాళాఖాతంలో కలుస్తాయి కనుక, ఇక్కడి నాలాలో పడేసిన కవరు దారిలో ఏ ఆనకట్ట దగ్గరో ఆగకపోతే చివరికి చేరేది సముద్రానికే. మీ బస్తీ నాలాతోనే మొదలుపెట్టండి.

జవాబు 2:
పై మిత్రుని మాట నిజమే, అయితే అలల మీద ఉండేవారి సాక్ష్యానికి ప్రత్యేకమైన విలువ ఉంది. 1984లో కాలిఫోర్నియాలోని మాలిబూలో సముద్రతీరాల రక్షణకు పనిచేసే సర్ఫ్‌రైడర్ ఫౌండేషన్‌ అనే సంస్థను స్థాపించినది నీటి కాలుష్యంతో విసిగిన సర్ఫర్లే. వెళ్లిన ప్రతిసారీ ఏ చెత్త ఎక్కడ కనిపించిందో ఫోటోతో, తేదీతో నమోదు చేయండి.

జవాబు 3:
శీతాకాలం చివర నుంచి వేసవి దాకా వెళ్తే మరింత జాగ్రత్త అవసరం. ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు రాత్రివేళ ఇసుకలో గుడ్లు పెడతాయి. గుడ్ల నుంచి బయటికొచ్చిన పిల్లలు వెలుతురు వైపు పాకుతాయి గనుక చీకట్లో టార్చి వేయవద్దు, బోర్డును ఇసుక మీద ఈడ్వకుండా ఎత్తి మోయండి.