ఇటలీలోని బ్రెషా మహిళల ఫుట్‌బాల్ జట్టు లీగులో తన స్థానాన్ని మిలాన్‌కు ఇచ్చేయడం న్యాయమేనా?

గోల్‌పోస్టు వెనక
1985లో పుట్టిన బ్రెషా మహిళల క్లబ్బు 2014లోనూ 2016లోనూ ఇటలీ విజేత. 2018 వేసవిలో ఆ క్లబ్బు అగ్రశ్రేణి లీగు సెరీ ఆలో తనకున్న చోటును ఏసీ మిలాన్‌కు అప్పగించింది. అంతవరకు సొంత మహిళల సీనియర్ జట్టు లేని మిలాన్, కింది డివిజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే పై వరుసలో కూర్చుంది. అంతకు కొన్ని వారాల ముందే బ్రెషా, యువెంటస్ చెరో 60 పాయింట్లతో సమానంగా నిలిచాయి. టైటిల్ తేల్చడానికి మే నెలలో నొవారాలో ప్రత్యేకంగా ఒక మ్యాచ్ పెట్టారు. గోలేమీ లేదు, పెనాల్టీల్లో యువెంటస్ 5-4తో గట్టెక్కింది. ఒక్క పెనాల్టీ తేడాతో టైటిల్ పోగొట్టుకున్న జట్టు మరుసటి సీజన్‌కు లీగులోనే లేదు. నా దృష్టిలో ఇది అన్యాయం.

బెజవాడ వింగర్
అన్యాయం ఎవరికండీ? క్రీడాకారిణులకా? బ్రెషాకు ఆడిన జచింతి, సబతీనో అదే వేసవిలో మిలాన్‌కు వెళ్లారు, కోచ్‌గా కరోలీనా మొరాచే వచ్చింది. పెద్ద క్లబ్బు అంటే మంచి మైదానం, వైద్యులు, ప్రచారం. 2019 మార్చిలో యువెంటస్ తన పెద్ద స్టేడియంలో ఫియొరెంటీనాతో మహిళల మ్యాచ్ పెడితే 39,027 మంది వచ్చారు. ఏ చిన్న క్లబ్బు అంతమందిని రప్పించగలదు? ఆ యువెంటస్ మహిళల జట్టు కూడా 2017లో కూనియో అనే క్లబ్బు లీగు లైసెన్సు తీసుకునే మొదలైంది. రోమా వచ్చింది రెస్ రోమా అనే మరో క్లబ్బు స్థానంలోనే. దారి ఒక్కటే, మీకు మిలాన్ మాత్రమే కనిపిస్తోంది.

పసుపు జెండా
మన సంగతీ కాస్త చూడండి. 2019లో పుణె జట్టు మూతపడితే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో దాని చోటు హైదరాబాద్‌కు వచ్చింది. 2021-22లో మనం ట్రోఫీ ఎత్తినప్పుడు పుణె అభిమానుల గురించి ఈ వేదికలో ఒక్కరైనా మాట్లాడారా?

గోల్‌పోస్టు వెనక
రెండూ ఒకటి కావు. ఐఎస్‌ఎల్‌లో అప్పట్లో చోటు డబ్బు పెట్టి కొనుక్కునేదే, ఓడినంత మాత్రాన కిందికి దిగే భయం ఉండేది కాదు. ఇటలీలో కిందినుంచి గెలుచుకుంటూ రావాలి, ఓడితే దిగిపోవాలి. అలా గెలుచుకున్న దాన్ని సంతకంతో మార్చేస్తే కింద ఆడుతున్న మిగతా జట్లకు ఏం చెబుతారు? మిలాన్ నగరంలోనే ఉన్న మరో పెద్ద క్లబ్బు ఇంటర్‌ను చూడండి. అదీ 2018లోనే మహిళల జట్టును తన గొడుగు కిందికి తెచ్చుకుంది. కానీ రెండో అంచె లీగు సెరీ బిలో ఆడి, గెలిచి, 2019లో పైకి వచ్చింది. మిలాన్‌కు ఆ ఒక్క ఏడాది ఓపిక లేకపోయిందా?

పాత రికార్డుల పెట్టె
మీ ఇద్దరూ ఇటలీ దీవి సార్డీనియాను మరిచారు. అక్కడి సస్సారీ నగరపు జట్టు తోర్రెస్ ఏడుసార్లు ఇటలీ విజేత, అందులో 2010 నుంచి 2013 వరకు వరుసగా నాలుగు. 2015లో ఆర్థిక కష్టాలతో ఆ జట్టు సెరీ ఆ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. అప్పుడు పెద్ద క్లబ్బేదీ వచ్చి చేయందించలేదు. బ్రెషాకు ఎదురుగా ఉన్నవి రెండే దారులు: తోర్రెస్‌లా కూలిపోవడం, లేదా స్థానం ఇచ్చేసి మర్యాదగా తప్పుకోవడం. బ్రెషా క్లబ్బు అధ్యక్షుడు చెజారీ రెండోది ఎంచుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

గోల్‌పోస్టు వెనక
చెజారీని నేనూ అనడం లేదు. కానీ ఆ కష్టం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2017లో బొనన్‌సేయా, గామా, రొసుచ్చీ, సల్వాయి నలుగురూ బ్రెషా నుంచి యువెంటస్‌కు వెళ్లారు. కోచ్ బెర్తొలీని అదే ఏడాది జాతీయ జట్టు బాధ్యతకు వెళ్లింది. అప్పటికి అందరూ అమెచ్యూర్లే, ప్రొఫెషనల్ కాంట్రాక్టులు లేవు. పెంచి పోషించిన క్లబ్బు చేతిలో పట్టుకోవడానికి ఏముంటుంది? క్రీడల్లో ప్రొఫెషనల్ హోదాపై ఇటలీ చట్టం 1981 నాటిది. ఏ ఆటకు ఆ హోదా ఇవ్వాలో క్రీడా సమాఖ్యల ఇష్టానికి వదిలేసింది. సెరీ ఆ మహిళలకు అది దక్కింది 2022 జులై 1న. అసలు దోషి ఆ నలభై ఏళ్ల తాత్సారం.

బెజవాడ వింగర్
ఇప్పుడు దారిలోకి వచ్చారు! అయితే మిలాన్ మీద కోపమెందుకు?

గోల్‌పోస్టు వెనక
ఎందుకంటే లాభమంతా ఒకవైపే పోయింది. 2019 మహిళల ప్రపంచ కప్‌కు ఇటలీ ఇరవై ఏళ్ల తర్వాత వెళ్లింది. ఆస్ట్రేలియా మీద రెండు గోల్సూ బొనన్‌సేయావి. జమైకా మీద హ్యాట్రిక్ జిరెల్లిది. చైనా మీద మొదటి గోల్ జచింతిది. ముగ్గురూ బ్రెషా చొక్కా వేసుకున్నవాళ్లే, కోచ్ బెర్తొలీని కూడా ఆ గూటి మనిషే. క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో ఓడేదాకా దేశమంతా టీవీల ముందుంది. ఆ వేసవిలో బ్రెషా క్లబ్బు కింది డివిజన్ల నుంచి మళ్లీ పైకి రావడానికి తంటాలు పడుతోంది.

పాత రికార్డుల పెట్టె
అక్కడినుంచి సెరీ బి దాకా వచ్చింది కూడా. మరొకటి: 2014, 2016లలో బ్రెషా గెలిచిన రెండు టైటిళ్లను మిలాన్ తన ఖాతాలో వేసుకోలేదు. లీగులో చోటు మారింది, ట్రోఫీలు బ్రెషా పేరు మీదే ఉన్నాయి.

పసుపు జెండా
ఇది నాకు కొత్త సంగతి. అలాంటప్పుడు స్థానం తీసుకున్న క్లబ్బు మొదటి అయిదేళ్లూ పాత క్లబ్బు అమ్మాయిల అకాడమీ ఖర్చు భరించాలని సమాఖ్య షరతు పెడితే సరిపోయేది కదా? దీనికి వింగర్ గారి అభ్యంతరం ఏమిటో చెప్పాలి.