జూలై సెలవుల్లో పెద్దవాళ్లతో బ్రోకెన్ హిల్, మిల్డూరా: వాలంటీర్ల మాటామంతీ

ప్రయాణ సమన్వయం, సోమవారం రాత్రి

అందరికీ నమస్కారం. ఈ చలికాలం మన అడిలైడ్ తెలుగు సంఘం తరఫున పెద్దవాళ్లను ఐదు రోజులు తిప్పుదామని కిందటి మీటింగులో అనుకున్నాం కదా. సిడ్నీ, గోల్డ్ కోస్ట్, మంచు కొండలు అని చాలామంది రాసిచ్చారు. అవి కాదని వేరే దారి పెడుతున్నాను. ఎందుకో చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

పోయిన జూలైలో మా మామయ్యగారు అడిలైడ్ వచ్చారు. కోనసీమ రైతు. మూడు నెలలున్నారు. సముద్రం చూపించాం, మాల్స్ చూపించాం, కంగారూలు చూపించాం. సాయంత్రం ఐదుంపావుకే పొద్దుగూకేది, మేం ఆఫీసుల నుంచి వచ్చేసరికి ఆయన హీటరు పక్కన శాలువా కప్పుకుని కూర్చునుండేవారు. ఇక వారంలో ప్రయాణమనగా అడిగారు: "ఇంతకీ ఈ దేశంలో పంటలు ఎక్కడ పండుతాయమ్మా? కాలవలు లేవా?" చూపించడానికి నాకు ఒక్క రోజు కూడా మిగల్లేదు. ఆ మాట ఏడాదిగా నన్ను వదల్లేదు.

అందుకే ఈ దారి. బుధవారం పొద్దున్నే అడిలైడ్‌లో బయల్దేరి బర్రా మీదుగా బ్రోకెన్ హిల్, అక్కడ రెండు రాత్రులు. శుక్రవారం దక్షిణంగా వెంట్‌వర్త్, మిల్డూరా, అక్కడ రెండు రాత్రులు. ఆదివారం రెన్‌మార్క్ మీదుగా ఇంటికి. మొత్తం దాదాపు 1,200 కిలోమీటర్లు, మూడు రాష్ట్రాలు. వెళ్లిన దారిన రాకుండా గుండ్రంగా తిరిగొస్తాం.

కోశాధికారి, మంగళవారం

వదినా, నేరుగా మిల్డూరా వెళ్తే 400 కిలోమీటర్లే. మూడు రోజుల్లో ముగుస్తుంది, ఖర్చు దాదాపు సగం. తోటలూ నదీ చూపించాలంటే అది చాలదా? బ్రోకెన్ హిల్ 500 పైచిలుకు కిలోమీటర్లు, దారంతా ఎడారి. డెబ్బై దాటినవాళ్లను అంత దూరం కూర్చోబెట్టడం నాకు ధైర్యం చాలట్లేదు.

ప్రయాణ సమన్వయం, మంగళవారం

మీ భయం న్యాయమైనదే. మొదటి రోజు ఒక్కటే బరువు, ఆరేడు గంటల రోడ్డు. దాన్ని బర్రా దగ్గర విరుద్దాం. 1845లో రాగి దొరికిన ఊరది. ఇళ్లు లేక గని పనివాళ్లు వాగు ఒడ్డున మట్టిలో గుహలు తొలుచుకుని కాపురాలు చేశారు. కొన్ని ఇంకా ఉన్నాయి, లోపలికి తొంగి చూడొచ్చు. గంటన్నర ఆగి, టిఫినూ టీలూ అక్కడే.

బ్రోకెన్ హిల్ మాత్రం తీసేయొద్దు. పేరు ఇచ్చినవాళ్లలో ఇద్దరు సింగరేణిలో రిటైరైనవాళ్లు, ఒకరిది కొత్తగూడెం, ఒకరిది గోదావరిఖని. వాళ్లకు తోటలకంటే ఇదే దగ్గరి ఊరు. 1883లో గొర్రెల దొడ్డి కంచెలు చూసుకునే చార్లెస్ రాస్ప్ అనే మనిషి అక్కడ ఖనిజపు రాయి ఏరాడు. 1885లో పుట్టిన బీహెచ్‌పీ కంపెనీ పేరులోని 'బ్రోకెన్ హిల్' ఈ ఊరే. వెండి, సీసం, జింకు. వీధుల పేర్లు కూడా అవే: అర్జెంట్, ఆక్సైడ్, సల్ఫైడ్, క్లోరైడ్, అయొడైడ్. ఊరి నడుమ గని తవ్వి పోసిన గుట్ట మీద, పనిలో చనిపోయిన 800 మందికి పైగా గని కార్మికుల పేర్లతో ఒక స్మారకం ఉంది. 1919-20లో అక్కడి కార్మికులు ఏడాదిన్నర సమ్మె చేసి వారానికి 35 గంటల పని సాధించుకున్నారు. ఆ గుట్ట మీద ఆ ఇద్దరు పెద్దమనుషులను ఓ గంట మాట్లాడమని అడుగుదాం. మన పిల్లలు బొగ్గు బాయి అన్న మాట విని ఉండరు.

ఇంకో సంగతి. ఊరి ఉత్తరం వైపు ఒకప్పుడు ఒంటెల శిబిరం ఉన్నచోట రేకులతో కట్టిన చిన్న మసీదు ఉంది, 19వ శతాబ్దం చివరిది. ఇప్పుడు మ్యూజియంగా ఉంచారు. రైళ్లు రాకముందు ఈ ఎడారిలో సరుకు మోసిన ఒంటెలవాళ్లను అందరూ 'ఆఫ్ఘన్లు' అనేశారు గానీ వాళ్లలో చాలామంది బెలూచిస్తాన్, పంజాబ్, సింధ్ నుంచి వచ్చినవాళ్లే. మనకంటే వందేళ్ల ముందు మన వైపు నుంచి వచ్చినవాళ్లు ఎలా బతికారో మన పెద్దవాళ్లు చూడాలని నాకు గట్టిగా ఉంది. ఎప్పుడు తెరుస్తారో ముందే అడిగి ఉంచాలి, ఆ ఫోన్ పని నాది.

యువ వాలంటీర్, మంగళవారం

అక్కా, ముంగో నేషనల్ పార్క్ లిస్టులో లేదేంటి? మిల్డూరా నుంచి 110 కిలోమీటర్లే కదా. యూనివర్సిటీలో చదివిన దగ్గర్నుంచి చూడాలని ఉంది.

ప్రయాణ సమన్వయం, మంగళవారం

అది తీసేయడం నాకూ కష్టంగానే ఉంది తమ్ముడూ. 1968లో అక్కడ బయటపడిన స్త్రీ అవశేషాలు దాదాపు 40,000 ఏళ్ల నాటివి. ఆమెకు దహన సంస్కారం చేశారు. ప్రపంచంలో ఇంత పాత దహనం ఆనవాళ్లు దొరకడం చాలా అరుదు. మన పెద్దవాళ్లకు ఆ ఒక్క మాట చెబితే చాలు, లేచి దండం పెడతారు. కానీ దారిలో చాలా భాగం మట్టి రోడ్డు, వాన పడితే మూసేస్తారు, మన పెద్ద కోచ్ దాని మీదికి పోదు. శనివారం ఆరేడుగురు మాత్రం మిల్డూరాలోని స్థానిక టూర్ వాహనంలో వెళ్లొచ్చు. అది పార్కాంచి, ముథి ముథి, నియాంపా ప్రజల పూర్వీకుల నేల. వాళ్ల గైడుతో వెళ్తేనే వెళ్లండి, గైడు చెప్పకుండా ఇసుక మీద అడుగు పెట్టొద్దు, ఏ రాయీ ఏరొద్దు. ఆ గుంపు బాధ్యత నువ్వే తీసుకో.

వంటల బృందం, బుధవారం

అమ్మాయ్, తిండి సంగతి. మొదటి రోజుకి పులిహోర, దద్దోజనం, చపాతీలు, బంగాళాదుంప కూర. వండిన అన్నం ఎస్కీలో (ఐసు పెట్టెలో) ఐసు మీదే ఉండాలి. బయట రెండు గంటలు దాటితే మళ్లీ దాచకుండా వెంటనే తినెయ్యడం, నాలుగు గంటలు దాటితే పారెయ్యడం. ఇందులో మొహమాటం వద్దు. బర్రా దాటాక రోడ్‌హౌసుల్లో చిప్స్ తప్ప శాకాహారులకు పెద్దగా ఏమీ దొరకదు, అందుకే ఉప్మా రవ్వ, అటుకులు, ఊరగాయ, కందిపొడి ఎక్కువే పెడుతున్నాను. రెండు ఊళ్లలోనూ వంటగది ఉన్న బస చూడండి, రైస్ కుక్కర్లు మూడు నేను తెస్తాను. కూరగాయలు మిల్డూరా సంతలో కొనేసి ఆదివారం తిరుగు ప్రయాణానికి కూడా వాడుకుందామా?

ప్రయాణ సమన్వయం, బుధవారం

పిన్నీ, ఇది అందరూ చదవాలి. ఆదివారం మిల్డూరా నుంచి రెన్‌మార్క్ వచ్చే దారిలో యాంబా దగ్గర క్వారంటైన్ తనిఖీ ఉంటుంది. పండు ఈగ రాకుండా దక్షిణ ఆస్ట్రేలియాలోకి పళ్లు తేనివ్వరు. టమాటా, పచ్చిమిర్చి, వంకాయ, క్యాప్సికం కూడా అంతే. సంచిలో మరిచిపోయిన ఒక్క నారింజ పండుకీ జరిమానా పడుతుంది. వండినవి, ఊరగాయలు పరవాలేదు. కాబట్టి శనివారం రాత్రికి తాజా పళ్లూ కూరగాయలూ అయిపోవాలి. ఆదివారం పొద్దున బస్సు ఎక్కేముందు ప్రతి సంచీ మన వాలంటీర్లే ఒకసారి చూస్తారు. పెద్దవాళ్లు ప్రేమగా మనవల కోసం పళ్లు దాచుకుంటారు, చెక్‌పోస్టులో వాళ్లను చిన్నబుచ్చుకోనివ్వకూడదు. జూలై నావెల్ నారింజల కాలం, మిల్డూరాలో కడుపారా తినిపిద్దాం.

ఆరోగ్యం చూసుకునే అక్క, బుధవారం

మాత్రలు ఏడు రోజులకు సరిపడా, ప్రిస్క్రిప్షన్ కాపీతో. సందర్శక వీసా మీద వచ్చినవాళ్లకు మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య బీమా) ఉండదు, వాళ్ల ఇన్సూరెన్స్ కార్డు ఫొటో పిల్లలు నాకు పంపాలి. బ్రోకెన్ హిల్‌లోనూ మిల్డూరాలోనూ ఆసుపత్రులున్నాయి. నా కంగారంతా మధ్య దారి గురించే, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. అందుకే ముందు సీట్లో నేను కూర్చుంటాను, మందుల పెట్టె నా కాళ్ల దగ్గరే ఉంటుంది. పగలు 15 డిగ్రీలుంటుంది, ఎండ కాస్తే హాయి. తెల్లవారుజామున నాలుగైదుకు పడిపోతుంది. మంకీ క్యాప్, మేజోళ్లు అందరికీ.

గదుల గురించి ఒక మాట. పాత హోటళ్లు అందంగా ఉంటాయి గానీ గదులు మేడ మీద, బాత్‌రూములు కొన్నిటిలో ఉమ్మడి. మనకు కింది అంతస్తు మోటెల్ గదులే కావాలి. గదికో ప్లాస్టిక్ మగ్గు సంఘం కొనాలి. చిన్న విషయంలా ఉంటుంది, కానీ మా అత్తగారు పోయినసారి ఒక ఊళ్లో మగ్గు లేక రెండు రోజులు సరిగా తినలేదు, ఎవరికీ చెప్పలేదు కూడా.

కోశాధికారి, బుధవారం

మగ్గుల ఖర్చు రాసుకున్నాను. కోచ్ కంపెనీల నుంచి మూడు కొటేషన్లు తెప్పిస్తున్నాను, టాయిలెట్ ఉన్న బస్సు, ఎక్కడానికి తక్కువ మెట్లు. ఒక్క డ్రైవరు రోజుకు 12 గంటలకు మించి పనిచేయకూడదు, రాత్రి కనీసం ఏడు గంటలు ఆగకుండా విశ్రాంతి తీసుకోవాలి. కాబట్టి ఆయన గది, భోజనం కూడా మన లెక్కలోనే. వదినా, ఒక షరతు. ఏ రోజూ చీకటి పడ్డాక రోడ్డు మీద ఉండొద్దు. సంజెవేళ కంగారూలు అడ్డం వస్తాయి.

ప్రయాణ సమన్వయం, బుధవారం

ఒప్పుకున్నాను. మొదటి రోజు ఆరున్నరకు బయల్దేరితే నాలుగున్నర లోపు గదుల్లో ఉంటాం. ఎవరి కోసమూ ఆగం, మా ఇంటివాళ్ల కోసమైనా సరే. బ్రోకెన్ హిల్ పక్కన ఎడారిలో ఉన్న రాతి శిల్పాల దగ్గర సూర్యాస్తమయం గురువారం చూద్దాం. ఊరికి పన్నెండు కిలోమీటర్లే, అంతవరకే మినహాయింపు.

ఇక నాకు ప్రాణమైన రోజు శుక్రవారం. వెంట్‌వర్త్‌లో డార్లింగ్ నది మర్రేలో కలుస్తుంది. డార్లింగ్ 1,472 కిలోమీటర్లు, అంటే ఇంచుమించు మన గోదారంత. రెండు నీళ్లూ రెండు రంగుల్లో కాసేపు పక్కపక్కనే నడుస్తాయి. సంగమం అని వినగానే స్నానం అంటారు పెద్దవాళ్లు. నీళ్లు చల్లన, ఒడ్డు జారుడు, అడుగున మొద్దులు. తల మీద చల్లుకుంటే చాలని ముందే నచ్చజెప్పాలి. భోజనం అక్కడి పార్కులోనే. అక్కడికి చేరేసరికి గడియారం అరగంట ముందుకు తిప్పుకోవాలి. బ్రోకెన్ హిల్ అడిలైడ్ టైమే పాటిస్తుంది గానీ వెంట్‌వర్త్, మిల్డూరా తూర్పు టైము. ఇండియా ఫోన్లకు నాలుగు గంటల తేడా కాస్తా నాలుగున్నర అవుతుంది.

మిల్డూరాలో 1887లో, కాలిఫోర్నియా నుంచి వచ్చిన కెనడా వాళ్లు చాఫీ అన్నదమ్ములు ఆవిరి పంపులతో మర్రే నీళ్లు ఎర్ర నేల మీదికి ఎక్కించారు. ఈ ద్రాక్ష, ఈ నారింజ అంతా ఆ నీళ్ల మీదే. ధవళేశ్వరం ఆనకట్ట చూసి పెరిగినవాళ్లకు ఇంకేం విడమరిచి చెప్పక్కర్లేదు. శనివారం సాయంత్రం మోటెల్ హాల్లో ఆషాఢం గోరింటాకు పెట్టుకుందాం. ఆకు దొరకదు, పొడి తెద్దాం.

పేర్లు ఇచ్చిన ఒకరి కూతురు, గురువారం

ఆంటీ, నాన్నగారు పక్కన కూర్చుని రాయిస్తున్నారు. మాది ఆలమూరు దగ్గర. "మిల్డూరాలో పడవ ఎక్కిస్తామన్నారట. మా ఊళ్లో లాకులుండేవి, చిన్నప్పుడు ధాన్యం పడవలు లాకుల్లో ఆగితే నీళ్లు నిండేదాకా గట్టున నిలబడి చూసేవాళ్లం. అక్కడ లాకులు ఉంటాయా, లేక ఉత్త నదేనా? ఉంటే మోకాళ్ల నొప్పులున్నా వస్తాను."

ప్రయాణ సమన్వయం, గురువారం

బాబాయ్ గారూ, ఉన్నాయి. పదకొండో నంబరు లాకు. పీఎస్ మెల్‌బోర్న్ అని 1912లో కట్టిన ఆవిరి పడవ, ఇప్పటికీ కట్టెలతోనే నడుస్తుంది. అది లాకులోకి వెళ్లి ఆగుతుంది, వెనక తలుపులు మూస్తారు, నీటి మట్టం మారాక ముందు తలుపులు తీస్తారు. మీరు చెప్పినట్టే. శనివారం నడుస్తుందో లేదో రేపు పొద్దున్నే కనుక్కుంటాను. నడవకపోతే మిల్డూరా రోజులనే అటూ ఇటూ జరుపుతాం. పడవలో కుడివైపు ముందు వరుస రెండు సీట్లు మీ పేరన రాశాను.